గ్రంథరూపమనగా ఏమి? – ఈ-పుస్తకాల హక్కుల తగాదాలు

ఈ-పుస్తకాల హక్కుల విషయమై రచయితలకూ ప్రచురణకర్తలకూ మధ్య పాతికేళ్లుగా నడిచిన తగాదాలు పైకి యంత్రాల గొడవలాగే కనిపిస్తాయి. ఆ తీర్పులను ఓపికగా చదివితే తేలేది వేరు. న్యాయస్థానాలలో వాదోపవాదాలు ప్రధానంగా కంప్యూటరు గురించి జరగలేదు. ముప్ఫై నలభై ఏళ్ల క్రితం ఒక ఒడంబడికలో వ్రాసిన రెండు మూడు మాటలకు అర్థమేమిటన్న దాని మీద జరిగినవి. నిఘంటువులు తెరిచారు, వాక్యాలను విడదీశారు, ఒక వాక్యానికి మరొక వాక్యంతో గల సంబంధం విచారించారు. మన శాస్త్రాలలో శబ్దార్థ విచారం చదువుకున్నవారికి ఆ వాదాలు ఏమాత్రం పరాయివిగా తోచవు. అందుకే ఆ కథను మిత్రులతో పంచుకోవాలనిపించింది. మన తెలుగు పుస్తకాల భవితకూ దీనితో సంబంధం ఉన్నదని చివరకు మీకే తెలుస్తుంది.

ముందు కొంచెం పూర్వరంగం. అచ్చుయంత్రం వచ్చిన తొలిరోజులలో రచయిత తన వ్రాతప్రతిని అమ్మేవాడు. ప్రతితో పాటు దానిని అచ్చువేసుకునే అధికారమూ కొన్నవాడిదే. మిల్టన్ మహాకవి 1667లో తన ‘పారడైజ్ లాస్ట్’ను సామ్యూల్ సిమన్స్ అనే ముద్రాపకునికి ఇచ్చినప్పుడు చేతికి వచ్చినది 5 పౌండ్లు. మొదటి కూర్పులో 1,300 ప్రతులు అమ్ముడైతే మరొక 5 పౌండ్లు, తరువాతి కూర్పులకూ అదే లెక్క. కవి మరణించిన తరువాత 1680లో ఆయన భార్య మిగిలిన హక్కునంతా 8 పౌండ్లకు వదులుకున్నది. 1710లో ఇంగ్లండులో వచ్చిన ఆన్ రాణి శాసనం మొదటిసారిగా హక్కు రచయితది అన్నది. 14 ఏళ్లు గడిచి రచయిత జీవించి ఉంటే, మరొక 14 ఏళ్లపాటు హక్కు తిరిగి ఆయనకే చెందుతుందని విధించింది. హక్కు శాశ్వతం కాదనీ, శాసనం చెప్పిన గడువు వరకేననీ 1774లో డొనాల్డ్‌సన్ దావాలో ప్రభువుల సభ తేల్చింది. అమ్మినది తిరిగి రచయిత వద్దకు రావచ్చునన్న ఆలోచన అంత పాతది.

ఇక మన వైపు చూస్తే, ‘గ్రంథము’ అన్న మాటలోనే ఒక చిక్కు దాగి ఉన్నది. కూర్చుట, ముడివేయుట అనే అర్థమిచ్చే ధాతువు నుండి పుట్టిన మాట అది. ‘గ్రంథి’ కూడా దానికి తోబుట్టువే. తాటాకులకు రంధ్రం చేసి, త్రాడు గ్రుచ్చి, ముడివేసినది గ్రంథం. ఇది ఆకారాన్ని బట్టి వచ్చిన అర్థం. అయితే అదే మాటకు ముప్ఫైరెండు అక్షరాల పరిమాణమనే అర్థం కూడా ఉన్నది. వ్రాయసకాండ్రు ఒక కావ్యం ఇన్ని గ్రంథాలు అని లెక్కకట్టేవారు. అప్పుడు గ్రంథమంటే ఆకూ కాదు, త్రాడూ కాదు, అక్షరరాశి. ఒకే మాట ఒకచోట వస్తువును, ఒకచోట వస్తువులోని పాఠాన్ని చెబుతున్నది. సరిగ్గా ఈ రెండు అర్థాల మధ్యనే 2001లో న్యూయార్కు న్యాయస్థానంలో దావా నడిచింది.

ఆ సంవత్సరం ఫిబ్రవరిలో రోసెట్టా బుక్స్ అనే కొత్త సంస్థ అంతర్జాలంలో ఈ-పుస్తకాల అమ్మకం మొదలుపెట్టింది. వాటిలో మూడు పేరున్న కలాల నుండి వచ్చిన ఎనిమిది నవలలు ఉన్నాయి. విలియం స్టైరన్ రచనలు రెండు, కర్ట్ వానగట్ రచనలు ఐదు, రాబర్ట్ పార్కర్ రచన ఒకటి. రోసెట్టా వీటిని దొంగతనంగా పెట్టలేదు. రచయితలతో నేరుగా ఒప్పందం చేసుకొని, వారికి రాయల్టీ ఇస్తామని పెట్టింది. అయితే అవే పుస్తకాలను కాగితం మీద ప్రచురిస్తూ వస్తున్నది రాండమ్ హౌస్. 1961 మొదలు 1982 వరకు వేర్వేరు సంవత్సరాలలో కుదిరిన ఒడంబడికలు ఆ సంస్థ చేతిలో ఉన్నాయి. రోసెట్టా దుకాణం తెరిచిందో లేదో, ఆ సంస్థ దావా వేసింది.

ఒడంబడికలలోని కీలక వాక్యం చిన్నది. రచనను గ్రంథరూపంలో ముద్రించి, ప్రచురించి, విక్రయించే ప్రత్యేక హక్కును రచయిత ప్రచురణకర్తకు ఇస్తున్నాడని దాని సారాంశం. ఈ ‘గ్రంథరూపంలో’ అన్న మాట మీదనే దావా అంతా ఆధారపడింది. రచయిత వ్రాసిన పాఠాన్ని ఆసాంతం, మార్పు లేకుండా, చదువుకునేందుకు వీలుగా అందించడమే గ్రంథరూపమని రాండమ్ హౌస్ వాదించింది. పాఠకుడు కాగితం మీద చదివినా, తెర మీద చదివినా చదివేది ఆ నవలనే కదా అన్నది. రోసెట్టా పక్షం వారు, గ్రంథమనగా అట్టల మధ్య కట్టిన కాగితాలు, 1961లో ఆ మాటను మరో విధంగా అర్థం చేసుకున్నవారు లేరు అన్నారు.

న్యాయమూర్తి సిడ్నీ స్టైన్ 2001 జూలైలో తీర్పు చెబుతూ నిఘంటువు తెరిచారు. ఆ నిఘంటువు స్వయంగా రాండమ్ హౌస్ వారు ప్రచురించినదే! అందులో పుస్తకమనే మాటకు సాధారణంగా అట్టల నడుమ కలిపి కట్టిన కాగితాల మీది రచన అనే అర్థం ఉన్నది. ప్రచురణకర్త ఇంటి నిఘంటువే ప్రచురణకర్త వాదానికి ఎదురు నిలిచింది. నిఘంటువుతోనే ఆయన ఆగలేదు. ఆ ఒడంబడికలలో గ్రంథరూపం తరువాత పుస్తక సంఘాల కూర్పులు, పునర్ముద్రణలు, సంక్షిప్తరూపాలు, అంధులకు బ్రెయిలీ ప్రతులు మొదలైనవి విడివిడిగా పేర్కొని ఉన్నాయి. గ్రంథరూపమనే మాటలో సమస్తమూ ఇమిడిపోతే, వీటిని మళ్లీ చెప్పవలసిన పని ఏమున్నది? చెప్పారంటే ఆ మాటకు ఒక హద్దు ఉన్నదని ఇరుపక్షాలకూ తెలిసినట్లే.

మన పరిభాషలో చెప్పుకుంటే, రాండమ్ హౌస్ వారిది లక్షణావృత్తి. గ్రంథమనే మాటకు వాచ్యార్థం విడిచి, దానితో సంబంధమున్న పాఠమనే అర్థాన్ని గ్రహించమన్నారు. కానీ ముఖ్యార్థానికి బాధ కలిగినప్పుడు గదా లక్షణను ఆశ్రయించాలి! ‘గంగలో పల్లె’ అన్నప్పుడు ప్రవాహం మీద పల్లె ఉండడం అసాధ్యం కనుక ఒడ్డు అని అర్థం చేసుకుంటాము. 1961 నాటి ఒడంబడికలో గ్రంథమంటే అట్టల మధ్య కాగితమనుకుంటే ఏ బాధా లేదు. వాక్యం చక్కగా అన్వయిస్తుంది. ఆ న్యాయమూర్తికి మన అలంకారశాస్త్రంతో పరిచయమున్నదని నేననను. తర్కబుద్ధితో నడిచినవారు ఏ దేశంలోనైనా దగ్గర దారులకే చేరుకుంటారు.

రాండమ్ హౌస్ వారికీ పాత తీర్పుల బలం కొంత లేకపోలేదు. 1930 నాటి ఒక చలనచిత్ర హక్కుల ఒప్పందం టెలివిజను ప్రసారానికీ వర్తిస్తుందని 1968లో అప్పీలు న్యాయస్థానం చెప్పింది. 1939లో స్ట్రావిన్స్కీ తన సంగీతాన్ని డిస్నీ వారి చలనచిత్రానికి వాడుకోనిస్తూ చేసిన ఒప్పందం విషయంలోనూ, వీడియో క్యాసెట్లకు అది వర్తించదనడానికి వీలులేదని 1998లో అన్నది. అయితే ఆ రెండు చోట్లా చలనచిత్రం చలనచిత్రంగానే మరొక తెర మీదికి వచ్చింది. ఈ-పుస్తకం అట్లా కాదు, కంప్యూటరుకు ఆదేశాలుగా పనిచేసే అంకెల వరుస అది, వెతకడానికీ గుర్తులు పెట్టుకోవడానికీ వీలైన వేరొక మాధ్యమం అన్నారు న్యాయమూర్తి. నిషేధపుటుత్తర్వు ఇవ్వడానికి నిరాకరించారు. 2002 మార్చిలో అప్పీలు న్యాయస్థానం ఆ నిరాకరణను సమర్థించింది. ఆ సంవత్సరం చివర ఉభయులూ రాజీపడ్డారు. పూర్తి విచారణ జరిగి తుది తీర్పు రానే లేదు. ఇది గమనించవలసిన సంగతి. గెలిచింది ఆ ఒడంబడికలలోని మాట మాత్రమే. ఈ-పుస్తక హక్కు ఎల్లప్పుడూ రచయితదేనన్న సాధారణ సూత్రమేదీ స్థిరపడలేదు.

అదే 2001 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు టసీని దావాలో తీర్పు ఇచ్చింది. అది పత్రికా వ్యాసాల గురించి. ఆరుగురు స్వతంత్ర రచయితలు 1990–93 మధ్య ప్రకటించిన 21 వ్యాసాలను న్యూయార్క్ టైమ్స్ తదితర పత్రికలు వారినడగకుండానే కంప్యూటరు భాండాగారాలకు అమ్మాయి. సంకలనాన్ని సవరించి మళ్లీ ప్రచురించుకునే హక్కు చట్టంలో తమకున్నదని, ఇదీ అటువంటిదేనని పత్రికలు వాదించాయి. ఏడుగురు న్యాయమూర్తులు రచయితల పక్షం, ఇద్దరు పత్రికల పక్షం. తీర్పు వ్రాసిన జస్టిస్ గిన్స్‌బర్గ్ ఇక్కడ మైక్రోఫిల్మును తీసుకువచ్చి పోల్చారు. మైక్రోఫిల్ములో పుట పుటగానే ఉంటుంది, వ్యాసం తన చుట్టూ ఉన్న వార్తల మధ్యనే కనబడుతుంది. భాండాగారంలో వ్యాసం ఒంటరిగా ఊడి వస్తుంది. అది పత్రికకు సవరించిన ప్రతి కాదు, విడిగా అమ్ముతున్న వ్యాసం. కనుక రచయిత అనుమతి కావాలి.

న్యాయం రచయితలది. ఫలితం మాత్రం ఎవరూ కోరుకున్నది కాదు. హక్కులు వదులుకుంటామని సంతకం చేయనివారి వ్యాసాలను భాండాగారం నుండి తొలగిస్తామని న్యూయార్క్ టైమ్స్ ప్రకటించింది. అటువంటి వ్యాసాలు సుమారు 1,15,000 అని లెక్క చెప్పింది. చరిత్రకారులు ఆధారాలుగా వాడుకోవలసిన ఒక పత్రిక సంపుటాలలో కన్నాలు పడ్డాయి. ఇతర రచయితల పక్షాన వేసిన సామూహిక దావా 2005లో 1.8 కోట్ల డాలర్ల రాజీకి వచ్చి, మళ్లీ న్యాయస్థానాల చుట్టూ తిరిగి, 2018లో గాని సొమ్ము రచయితల చేతికి చేరలేదు. హక్కు గెలిచి రచన కనుమరుగైతే అది రచయితకు ఎంత లాభం? ఈ ప్రశ్న మనకు మళ్లీ ఎదురవుతుంది.

రోసెట్టా దావా తరువాత ప్రచురణకర్తలు ఊరికే కూర్చోలేదు. కొత్త ఒడంబడికలలో ఎలక్ట్రానిక్ రూపాలన్నీ తమవేనని స్పష్టంగా వ్రాయించుకోవడం 1990ల మధ్య నుండే మొదలైంది, ఇప్పుడది రివాజైంది. ఆపైన తగాదా మరొక మాట మీదికి వచ్చింది. పుస్తకం ‘అలభ్యం’ అయితే హక్కు రచయితకు తిరిగి వస్తుందని పాత ఒడంబడికలలో ఉండేది. అచ్చుప్రతులు అయిపోయి, ప్రచురణకర్త మళ్లీ వేయకపోతే పుస్తకం అలభ్యమైనట్లు. కానీ కంప్యూటరులో దాచిన ప్రతి ఎన్నడు అయిపోతుంది? సైమన్ అండ్ షూస్టర్ సంస్థ 2007లో తన ఒడంబడికను మార్చి, పుస్తకం ఏ రూపంలో దొరుకుతున్నా హక్కు తమవద్దనే ఉంటుందన్న భావం వచ్చేట్లు చేసింది. ఏడాదికి ఒక్క ప్రతి అమ్ముడుకాకున్నా రచయిత తన పుస్తకాన్ని మరొకరికి ఇచ్చుకోలేడన్నమాట. అమెరికా రచయితల సంఘమైన ఆథర్స్ గిల్డ్ గట్టిగా గొంతెత్తిన మీదట ఆ సంస్థ కొంత వెనక్కు తగ్గి, అమ్మకం ఒక స్థాయికి పడిపోతే హక్కు తిరిగి ఇచ్చే విషయం మాట్లాడుకోవచ్చునన్నది. ‘అలభ్యం’ అన్న మాట అక్షరం మారకుండానే అర్థం మార్చుకున్నది.

2008లో ఇంకొక విశేషం జరిగింది. గూగుల్ సంస్థ గ్రంథాలయాల పుస్తకాలను స్కాను చేయడం మీద ఆథర్స్ గిల్డు, ప్రచురణకర్తలు 2005లో వేరువేరుగా దావాలు వేశారు. అందరూ కలిసి 12.5 కోట్ల డాలర్ల రాజీపత్రం వ్రాసుకున్నారు. గూగుల్ నుండి వచ్చే సొమ్మును రచయిత, ప్రచురణకర్త ఎట్లా పంచుకోవాలన్న ప్రశ్న అక్కడ తలెత్తింది. 1987కు ముందు పుస్తకాలకైతే రచయితకు నూటికి 65, ప్రచురణకర్తకు 35. ఆ సంవత్సరం నుండి వచ్చిన వాటికి సగం సగం. అంటే పాత ఒడంబడికలలో ఎలక్ట్రానిక్ హక్కు ప్రధానంగా రచయితవైపే మొగ్గుతుందని ప్రచురణకర్తలు కూడా లోలోపల ఒప్పుకున్నట్లే గదా! న్యాయమూర్తి డెన్నీ చిన్ 2011లో ఆ రాజీని ఇతర కారణాలతో త్రోసిపుచ్చారు. గూగుల్ చేసినది న్యాయమైన వినియోగమేనని చివరకు న్యాయస్థానాలు తేల్చాయి, 2016లో ఆ వివాదం ముగిసింది. రాజీపత్రం చెల్లకపోయినా, అందులోని ఆ పంపకాల లెక్క చరిత్రలో సాక్ష్యంగా నిలిచింది.

ఇంత పట్టుదల ఎందుకో తెలియాలంటే లెక్క చూడాలి. అమెరికాలో గట్టి అట్ట పుస్తకానికి రచయితకు ధరలో నూటికి 10 నుండి 15 వరకు ఇవ్వడం వాడుక. ఈ-పుస్తకానికి పెద్ద ప్రచురణకర్తలు ఇస్తామన్నది తమకు చేరిన సొమ్ములో నూటికి 25. అమ్మకపుదారు 30 తీసుకుంటే ప్రచురణకర్తకు 70 చేరుతుంది, అందులో నాల్గవవంతు పదిహేడున్నర. కాగితం, అచ్చు, గోదాము, తిరిగివచ్చే ప్రతుల నష్టం ఏవీ లేనప్పుడు సగం ఇవ్వాలి, అనగా 35 రావాలి అని రచయితల వాదం. ఈ తేడా మీదనే 2010లో ఆండ్రూ వైలీ అనే సాహిత్య ప్రతినిధి, ప్రచురణకర్తలను దాటి, ఇరవై ప్రసిద్ధ గ్రంథాలను అమెజాన్ కిండిల్‌కు నేరుగా ఇచ్చారు. వాటిలో మన సల్మాన్ రష్దీ ‘మిడ్‌నైట్స్ చిల్డ్రన్’ కూడా ఒకటి. ఆయనతో ఇక కొత్త వ్యవహారాలు చేయబోమని రాండమ్ హౌస్ ప్రకటించింది. కొన్ని వారాలకే రాజీ కుదిరింది, ఇరవైలో పదమూడు వెనక్కు వెళ్లాయి. ఈసారి న్యాయస్థానం గడప తొక్కే పనే లేకపోయింది. బలమున్నవాడితో బేరం అట్లాగే ముగుస్తుంది.

రోసెట్టా కథకు ఎదురుగా నిలబడే కథ ‘జూలీ ఆఫ్ ది ఊల్వ్స్’ది. జీన్ క్రెయిగ్‌హెడ్ జార్జ్ అనే రచయిత్రి పిల్లల కోసం వ్రాసిన ఆ నవలలో అలాస్కా మంచు మైదానంలో దారితప్పిన బాలిక తోడేళ్ల గుంపుతో కలిసి బ్రతుకుతుంది. 1972లో వెలువడి, 1973లో న్యూబెరీ పతకం పొందింది. ఒడంబడిక 1971 నాటిది, హార్పర్ సంస్థతో. ఈ-పుస్తకానికి హార్పర్‌కాలిన్స్ 25 ఇస్తామన్నది, ఆమె 50 అడిగారు. ఓపెన్ రోడ్ అనే సంస్థ 50 ఇస్తానన్నది, ఆమె అటు వెళ్లారు. 2011 డిసెంబరులో ప్రచురణకర్త ఓపెన్ రోడ్ మీద దావా వేసింది. తీర్పు రాకముందే 2012లో రచయిత్రి కన్నుమూశారు.

ఈ ఒడంబడికలోనూ మొదటి షరతు ‘గ్రంథరూపంలో’ అనే ఉన్నది. అయితే ఇరవయ్యవ షరతు ఒకటి ఉన్నది. కంప్యూటరు, యాంత్రిక, ఎలక్ట్రానిక్ సాధనాల ద్వారా, ఇప్పుడు తెలిసినవైనా ఇకముందు కనుగొనబడేవైనా, రచనను నిల్వచేసి వాడుకునేందుకు ప్రచురణకర్త రచయిత అనుమతితో ఇతరులకు అధికారమీయవచ్చునని దాని భావం. 1971లో, ఇంటింటా కంప్యూటరు అన్న ఊహ కూడా లేని కాలంలో, ముందుచూపుతో చేర్చిన వాక్యమది. ప్రత్యేకంగా ఇవ్వని హక్కులన్నీ, ఇకముందు పుట్టేవి కూడా, రచయితవేనని ఇరవైమూడవ షరతు చెబుతున్నది. ఓపెన్ రోడ్ దానిని పట్టుకున్నది. న్యాయమూర్తి నయోమీ బుఖ్వాల్డ్ 2014 మార్చిలో ఇరవయ్యవ షరతు ఈ-పుస్తకానికి వర్తిస్తుందని, హక్కు హార్పర్‌కాలిన్స్‌దేనని తీర్పు చెప్పారు. వ్యాకరణం చదివినవారికి ఇది ఉత్సర్గాపవాద న్యాయం. మిగిలినవన్నీ రచయితవి అన్నది సాధారణ విధి, ఫలానా దానిని ఇచ్చాము అన్నది విశేష విధి. విశేషం సామాన్యాన్ని తోసిపుచ్చుతుంది.

రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చూడండి. అవే న్యూయార్కు న్యాయస్థానాలు, అదే ‘గ్రంథరూపం’. ఒకచోట రచయితలు గెలిచారు, ఒకచోట ఓడారు. తేడా అంతా ‘ఇకముందు కనుగొనబడే’ అన్న ఒక్క విశేషణంలో ఉన్నది. ఆ విశేషణం లేనందున వానగట్, స్టైరన్ గెలిచారు. ఉన్నందున జార్జ్ ఓడిపోయారు. నలభై ఏళ్ల తరువాత ఎంతో విలువ చేయబోయే మాటను ఆనాడు సంతకం చేసేవారిలో ఎంతమంది నిదానించి చదివి ఉంటారు? రచయిత అదృష్టం ఒక్క మాట మీద ఆధారపడడం న్యాయమేనా?

ఈ ప్రశ్నకు మన దేశం చట్టంతోనే సమాధానం చెప్పింది. 1957 నాటి కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణలో 18వ విభాగానికి ఒక నియమం చేర్చారు. హక్కు బదలాయించే నాటికి లేని, లేదా వాణిజ్యపరంగా వాడుకలోకి రాని మాధ్యమానికి ఆ బదలాయింపు వర్తించదు. వర్తించాలంటే ఆ మాధ్యమం పేరు ప్రత్యేకంగా అందులో చెప్పి ఉండాలి. ఈ సవరణ కోసం ఎక్కువగా పాటుపడ్డవారు సినిమా పాటల కవులు, సంగీత దర్శకులు. జావేద్ అఖ్తర్ రాజ్యసభలో దీని కోసం గట్టిగా మాట్లాడారు. గ్రామఫోను పలక కోసం ఇచ్చిన పాట క్యాసెట్టులోకి, ఆపైన సెల్‌ఫోను మ్రోతలోకి వెళ్లినా కవికి దక్కినది లేదన్నది వారి బాధ. పాట కోసం పోరాడితే వచ్చిన నియమం నవలకూ వర్తిస్తుంది. ‘ఇకముందు కనుగొనబడే సమస్త సాధనాలు’ అని గంపగుత్తగా వ్రాసి సంతకం పెట్టించుకునే దారికి మన చట్టం అడ్డుకట్ట వేసింది.

ఇదే చట్టంలోని 19వ విభాగాన్ని ప్రతి తెలుగు రచయితా ఒకసారి చదవాలి. హక్కు బదలాయింపు వ్రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది, నోటిమాట చాలదు. గడువు వ్రాయకపోతే ఐదేళ్లని భావించాలి. ఏ ప్రాంతానికో వ్రాయకపోతే భారతదేశానికి మాత్రమే. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వినియోగించకపోతే, వేరే విధంగా వ్రాసుకుంటే తప్ప, ఆ హక్కు చెల్లిపోతుంది. అయితే గడువు మొదలైన ఈ రక్షణలు 1994 సవరణ అమలుకు వచ్చిన తరువాత జరిగిన బదలాయింపులకే. అంటే 1995 మే నెలకు ముందు కాగితాలను వాటిలోని మాటలను బట్టియే చదువుకోవాలి. వ్రాత ఉండాలన్న షరతు మాత్రం వాటికీ తప్పదు.

ఇక్కడ మన పుస్తకాల సంగతి వస్తుంది. పాత తెలుగు పుస్తకం తెరిస్తే లోపలి పుటలో ‘సర్వస్వామ్యములు గ్రంథకర్తవి’ అనో ‘ప్రకాశకులవి’ అనో ఒక వాక్యం కనబడుతుంది. చాలామంది దానినే ఒడంబడిక అనుకుంటారు. అది ప్రకటన మాత్రమే. ప్రకాశకులవి అని అచ్చువేసినంత మాత్రాన రచయిత సంతకం చేసిన పత్రం ఉన్నట్లు కాదు. పత్రమే ఉన్నా అందులోని ‘సర్వ’ శబ్దానికి ఎంత వ్యాప్తి? మీమాంసకులు దీనిని ఎప్పుడో విచారించారు. ‘అందరికీ భోజనం పెట్టండి’ అంటే లోకంలోని వారందరికీ అని కాదు, పిలుపందుకొని వచ్చిన వారందరికీ అని. సర్వశబ్దం ప్రస్తుతమున్న వాటినే పట్టుకుంటుంది. 1965లో ఐదువందల రూపాయలు పుచ్చుకొని ఒక రచయిత ‘సర్వహక్కులు’ ఇచ్చి ఉంటే, ఆ పందిట్లో ఈ-పుస్తకం కూర్చుని లేదు. అవతలి పక్షం వారు ‘సర్వ’ అంటే సర్వమే అనవచ్చు. ఆ పత్రం ముందుంటే గదా ఏదో ఒకటి తేలేది!

అసలు నష్టం అక్కడే జరుగుతున్నది. అమెరికాలో రచయితా ప్రచురణకర్తా దావా వేసుకున్నారంటే ఇద్దరి దగ్గరా కాగితాలున్నాయి. మన వైపు ప్రచురణాలయాలు ఎన్నో మూతపడ్డాయి, వాటి దస్త్రాలు చెదలపాలో తూకపుపాలో అయినాయి. రచయిత వారసులలో ఒకరు హైదరాబాదులో, ఒకరు విజయవాడలో, ఒకరు డాలసులో ఉంటారు. హక్కు తమకున్నదని వారికీ తెలియదు. రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదలుకొని 60 ఏళ్లు హక్కు నడుస్తుంది గనుక, 1970లో పోయిన రచయిత పుస్తకాన్ని 2030 దాటేవరకు అడగకుండా ఈ-పుస్తకంగా వేయరాదు. అడుగుదామంటే ఎవరిని అడగాలో తెలియదు. దావా లేదు, తగాదా లేదు, పుస్తకమూ లేదు. టసీని తీర్పు తరువాత పత్రికలో పడ్డ కన్నాలు న్యాయం కోసం పడ్డవి. మన గ్రంథాలయాల బీరువాలలో పడుతున్న కన్నాలు కేవలం అజాగ్రత్త వల్ల.

కనుక ఈ చరిత్ర చదివిన తరువాత చేయదగిన పనులు కొన్ని కనబడుతున్నాయి. కొత్తగా పుస్తకం వేయించుకునేవారు కాగితం, ఈ-పుస్తకం, శ్రవ్యపుస్తకం అని ఒక్కొక్కదానిని పేరు పెట్టి, ఏది ఇస్తున్నారో ఏది ఉంచుకుంటున్నారో వ్రాసుకోవాలి. రాయల్టీ నూటికి ఎంత అన్నది సగం మాటే, దేనిలో నూటికి అన్నది మిగిలిన సగం. ధరలోనా, చేతికి వచ్చిన సొమ్ములోనా? ‘అలభ్యం’ అనే మాట వాడితే ఏడాదికి ఇన్ని ప్రతుల కంటే తక్కువ అమ్మితే అలభ్యమని అంకె వేయాలి. ప్రచురణకర్తలకూ ఇందులో మేలున్నది. స్పష్టమైన పత్రం చేతిలో ఉన్నవారికి రేపు రోసెట్టా వంటివారి భయం ఉండదు. పెద్దల రచనలు ఇంట్లో ఉన్నవారు పాత ట్రంకుపెట్టెలు వెతికి, ఉత్తరాలు, రసీదులు, ఒప్పందాలు ఏవున్నా పారవేయకుండా నకళ్లు తీసి ఉంచాలి. వారసులంతా కలిసి హక్కుల వ్యవహారం ఒక్కరికి అప్పగిస్తూ నాలుగు వాక్యాలు వ్రాసుకుంటే, రేపు ఎవరైనా ఆ పుస్తకాన్ని మళ్లీ తెద్దామని వచ్చినప్పుడు తట్టడానికి ఒక తలుపు ఉంటుంది.

తాటాకు నుండి కాగితానికి, కాగితం నుండి తెరకు గ్రంథం మారుతూ వచ్చింది. తెర తరువాత ఏమి వస్తుందో మనకు తెలియదు, 1961లో స్టైరన్‌కు తెలియనట్లే. రాబోయేదాని పేరు మనం వ్రాయలేము. ఇప్పుడు ఉన్నదాని పేరు స్పష్టంగా వ్రాసి, మిగిలినది నాది అని ఒక్క మాట చేర్చగలము. అంతమాత్రం చేస్తే మన తరువాతివారు నిఘంటువులు పట్టుకొని న్యాయస్థానానికి వెళ్లవలసిన అవసరం కొంతైనా తగ్గుతుంది.

స్వస్తి.